ఫిల్మ్ నుంచి డిజిటల్‌కు మారాలా? గోదావరి డెల్టా ఫోటోగ్రాఫర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురంలో చాలా ఏళ్లు స్టూడియో నడిపాను. 2006లో పెళ్లిళ్ల పనంతా డిజిటల్‌కు మార్చాను గాని, నా కోసం తీసుకునే ఫోటోలకు మాత్రం ఇప్పటికీ బ్లాక్ అండ్ వైట్ రీలు ఎక్కిస్తూనే ఉన్నాను. అందువల్ల కాబోలు, ఫిల్మ్ వదలాలా వద్దా అన్న సందేహం వచ్చినవారు నన్ను అడుగుతూ ఉంటారు. వారిలో ముప్పై ఏళ్లుగా ఫిల్మ్ మీదే చేయి తిరిగిన పెద్దలూ ఉన్నారు, బీరువాలో దొరికిన నాన్నగారి యాషికాతో మొదలుపెట్టి ఏడాది తిరిగేసరికి రీళ్ల ఖర్చు చూసి ఆలోచనలో పడిన కుర్రవాళ్లూ ఉన్నారు. వారికి చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నవారి కోసం రాసిన సలహాలు మన తేమకు, మన నీటికి, మన దూరాలకు అన్నివేళలా అతకవు కాబట్టి, గోదావరి పాయల మధ్య ఉండేవారిని దృష్టిలో పెట్టుకునే రాశాను.

నా ఫిల్మ్ కెమెరా బాగానే పనిచేస్తోంది. అయినా మారవలసిందేనా?

కెమెరా ఒక్కదాన్నే చూస్తే అక్కరలేదు. నికాన్ ఎఫ్ఎం2, పెంటాక్స్ కె1000 వంటి మెకానికల్ కెమెరాలకు బ్యాటరీ లేకపోయినా షట్టర్ పడుతుంది. బ్యాటరీ అవసరమయ్యేది లోపలి లైట్ మీటరుకే. శ్రద్ధగా చూసుకుంటే అవి మరో తరానికి కూడా అందుతాయి. నేను చూడమనేది షట్టర్ పడిన తరువాత జరగవలసిన పనిని. రీలు ఎక్కడ కొంటారు, ఎవరు కడుగుతారు, ఎన్నాళ్లకు చేతికి వస్తుంది, వచ్చిన నెగటివ్‌ను ఈ తేమలో ఎక్కడ దాస్తారు, పాతికేళ్ల తరువాత మీ పిల్లలు దాన్ని ఎలా చూస్తారు అన్న ప్రశ్నలకు మీ దగ్గర గట్టి జవాబులు ఉంటే నిశ్చింతగా ఫిల్మ్‌తోనే కొనసాగండి. వాటిలో రెండింటికి జవాబు దొరకకపోతే మారడమే మంచిది. అయితే దాచడం గురించిన చివరి రెండు ప్రశ్నలు డిజిటల్‌లోనూ మిమ్మల్ని వదలవని ముందే తెలుసుకుని మారండి.

డబ్బు తీసుకుని చేసే పనికి ఫిల్మ్ వాడవచ్చా?

వాడవద్దనే చెబుతాను. పెళ్లివారు ముహూర్తం దాటకముందే ఫోనుకు ఫోటోలు పంపమంటున్నారు, కరిజ్మా ఆల్బమ్ అడుగుతున్నారు. వాటికి ఫిల్మ్ అడ్డే అవుతుంది. అంతకంటే ముఖ్యమైన కారణం భద్రత. రెండు కార్డుల కెమెరాలో ప్రతి ఫోటో ఒకేసారి రెండు చోట్ల పడుతుంది. ఫిల్మ్‌లో ఆ పెళ్లికి ఉన్నది ఒక్క నెగటివే, అది కొరియర్‌లో పోయినా ల్యాబులో పాడైనా తాళి మళ్లీ కట్టించలేము. ఒకసారి నా మూడు రీళ్లు పొరుగు జిల్లా ల్యాబు నుంచి పచ్చటి మరకలతో తిరిగివచ్చాయి. ఆ రోజు పెళ్లికూతురి తండ్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అందుకే ఆ బాధ నేటికీ తీరలేదు.

ఖర్చు లెక్క ఎలా వేసుకోవాలి?

రీలు ధర, కడిగించే రుసుము, స్కానింగు, రానూపోనూ కొరియరు అన్నీ కలిపి, మామూలు 35 మిల్లీమీటర్ల రీలులో పడే ఫ్రేముల (ఫోటోల) సంఖ్య 36తో భాగించండి. మొత్తం 1,800 రూపాయలు అవుతుందనుకుంటే ఒక్కో ఫ్రేముకు 50 రూపాయలు పడినట్టు. అదే వెడల్పాటి 120 సైజు రీలైతే ఆరు బై ఆరు సెంటీమీటర్ల చదరపు ఫ్రేములు 12 మాత్రమే వస్తాయి. నెలకు ఒక రీలు తీసేవారికి ఈ లెక్కన ఏడాదికి 21,600 రూపాయలు అవుతాయి గనక, మూడేళ్ల ఫిల్మ్ ఖర్చుతో సెకండ్ హ్యాండులో మంచి డిజిటల్ కెమెరా, లెన్సు వచ్చేస్తాయి. ఏడాదికి మూడు నాలుగు రీళ్లు మించని వారికి మాత్రం ఖర్చు దృష్ట్యా తొందరపడవలసిన పని లేదు. డిజిటల్‌లో ఫ్రేముకు ఖర్చు లేదని చాలామంది అంటారు గాని కార్డులు, రెండు హార్డ్ డిస్కులు, కంప్యూటరు, నాలుగైదేళ్లకు ఒకసారి కొత్త బ్యాటరీ కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

మన దగ్గర ఫిల్మ్ దొరకడం, కడిగించడం ఇప్పటికీ సాధ్యమేనా?

సాధ్యమే, కానీ వీధి చివరకు వెళ్లి కొనే రోజులు పోయాయి. ఒకప్పుడు ఊటీలోని హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందు ఫిల్మ్ చిన్న స్టూడియోలకు అన్నం పెట్టింది. ఆ కర్మాగారం మూతబడింది. డిజిటల్ కెమెరాను 1975లోనే తయారుచేసి చూసిన కోడాక్ సంస్థ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది, అయినా ఫిల్మ్ తయారీని మాత్రం మానలేదు; 2018లో ఎక్టాక్రోమ్ స్లైడు ఫిల్మ్‌ను (నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే ఫిల్మ్) తిరిగి తెచ్చింది కూడా. పెంటాక్స్ 2024లో 17 అనే కొత్త ఫిల్మ్ కెమెరానే విడుదల చేసింది, అందులో ఒక రీలుకు 72 సగం ఫ్రేములు పడతాయి. కాబట్టి ఫిల్మ్ చచ్చిపోయిందన్న మాట నిజం కాదు. అయితే మనకు రీళ్లు ఆన్‌లైన్‌లోనే రావాలి, కలర్ రీళ్లు హైదరాబాదుకో చెన్నైకో పోయి రావాలి. మే నెల ఎండలో కొరియర్ వ్యానులో నాలుగు రోజులు మగ్గిన రీలు రంగు తప్పే అవకాశం ఉంది కాబట్టి, నా మట్టుకు నేను కలర్ రీళ్లను దసరా నుంచి శివరాత్రి దాకానే పంపుతాను. మిగిలిన కాలంలో తీసిన రీళ్లు గాలి చొరని డబ్బాలో, ఫ్రిజ్‌లో ఉంటాయి. ఫ్రిజ్ నుంచి తీసిన రీలును రెండు గంటలైనా మూత తీయకుండా బయట ఉంచాలి. వెంటనే తెరిస్తే మన గాలిలోని తేమ చల్లటి ఫిల్మ్ మీద నీరుగా పడుతుంది.

ఇంట్లోనే కడుక్కోవచ్చా? మన ఎండలకు, మన నీళ్లకు కుదురుతుందా?

బ్లాక్ అండ్ వైట్ నిక్షేపంగా కడుక్కోవచ్చు, అసలు డెల్టాలో ఫిల్మ్‌తో కొనసాగాలనుకునేవారికి నేను సూచించే దారి అదే. అడ్డు వచ్చేవి రెండు, వేడి ఒకటి, నీరు ఒకటి.

డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మను పైకి తెచ్చే రసాయనం) పొట్లాల మీద ఇచ్చే సమయాలు 20 డిగ్రీల సెల్సియస్‌కు రాసినవి. ఉదాహరణకు ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ఫిల్మ్‌కు నీరు కలిపి పలచన చేయని డి-76 డెవలపర్‌లో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు పడుతుంది. వేడి ఒక్కో డిగ్రీ పెరిగిన కొద్దీ సమయం సుమారు పదో వంతు తగ్గుతూ పోతుంది. మన డాబా మీది ట్యాంకు నీళ్లు వేసవి మధ్యాహ్నం 30 డిగ్రీలు సులభంగా దాటుతాయి. అప్పుడు లెక్క ప్రకారం మూడు నిమిషాలైనా రాదు, ఐదు నిమిషాల కంటే తక్కువ సమయంలో డెవలపర్ ఫిల్మ్ అంతటా సమానంగా పనిచేయదు, ఆకాశం చారలు చారలుగా వస్తుంది. అందుకని నేను తెల్లవారుజామున కడుగుతాను. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, ఐస్ ముక్కలు వేసి, డెవలపర్, హైపో (బొమ్మను స్థిరపరిచే రసాయనం), కడిగే నీళ్ల సీసాలన్నిటినీ అందులో నిలబెట్టి, అన్నీ 22 డిగ్రీలకు దిగాక మొదలుపెడతాను. ఐసు డెవలపర్‌లో నేరుగా వేయకూడదు, అది కరిగి డెవలపర్ పలచబడుతుంది. డెవలపర్‌ను మాత్రం చల్లబరిచి, చివర కొళాయి కింద వేడినీళ్లతో కడిగితే ఫిల్మ్ మీద బొమ్మ ఉండే జిలాటిన్ పొర ఉబ్బి ముడతలు పడుతుంది. అన్ని నీళ్లూ రెండు డిగ్రీల తేడాలోనే ఉండాలి.

ఇక నీటి సంగతి. రాజోలు, అంతర్వేది వైపు బోరు నీళ్లు ఉప్పన. ఆరిన నెగటివ్ మీద తెల్లటి చుక్కలు మిగులుతాయి, అవి ప్రింటులోనూ తెల్లగా కనిపిస్తాయి, వట్టి గుడ్డతో తుడిస్తే పోవు, గీతలు పడతాయి. ఇంటికి వేయించుకునే 20 లీటర్ల నీళ్ల టిన్ను దీనికి చాలు. ఇల్‌ఫర్డ్ వారు చెప్పిన పద్ధతిలో, ఫిల్మ్ కడిగే చిన్న ట్యాంకు నింపి 5 సార్లు తిరగేసి పారబోసి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ 20 సార్లు తిరగేస్తే ఒక రీలు సుమారు లీటరు నీళ్లతో శుభ్రపడుతుంది. చివరగా బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో ఒకసారి ముంచి, ఫ్యాను ఆపేసిన గదిలో క్లిప్పు పెట్టి వేలాడదీయండి.

కలర్ కడగడానికి వాడే సి-41 పద్ధతిలో డెవలపర్ 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు ఉండాలి. మన వేసవిలో ఆ వేడి తేవడం కష్టం కాదు, నిలపడమే కష్టం. అర డిగ్రీ అటూ ఇటూ అయినా రంగు తేడా వస్తుంది. అలవాటు పడేవరకు కలర్ జోలికి పోకండి.

వాడిన రసాయనాలు ఎక్కడ పారబోయాలి?

కాలువలో మాత్రం పారబోయకండి. వాడిన హైపోలో ఫిల్మ్ నుంచి కరిగిన వెండి ఉంటుంది, అది నీటిలోని చిన్న జీవులకు విషం. మన ఇంటి వెనుక పంట కాలువే కింది ఊరి తాగునీటి చెరువును నింపుతుంది, దాని పక్కనే చేపల చెరువులుంటాయి. పాత హైపోను మూత గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో జమచేసి, దాని నుంచి వెండి తీసేవారికి అందించడం సరైన పని. ఎక్స్‌రే ఫిల్ములు కడిగే కాలంలో ఆసుపత్రుల చుట్టూ తిరిగి హైపో కొనుక్కుపోయేవారు మన పట్టణాలన్నిటిలోనూ ఉండేవారు, ఇప్పుడు వెతుక్కోవాలి. ఇది వీలుపడదనుకునేవారు డిజిటల్‌కు మారడానికి ఈ ఒక్క కారణం చాలునని నేను నిజంగా నమ్ముతున్నాను.

స్పష్టతలో ఏది మెరుగు?

35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌తో పోలిస్తే నేటి మామూలు డిజిటల్ కెమెరాయే. ఫిల్మ్ ఫ్రేము 36 బై 24 మిల్లీమీటర్లు. దాన్ని అంగుళానికి 4,000 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే సుమారు 21 మెగాపిక్సెళ్ల ఫైలు వస్తుంది, కానీ 400 ఐఎస్ఓ (వెలుతురును ఎంత చురుగ్గా పడుతుందో చెప్పే అంకె) రీలులో ఆ చుక్కల్లో చాలా భాగం ఫిల్మ్ రేణువులే తప్ప కొత్త వివరం కాదు. మీకు కావలసిన ప్రింటు సైజును బట్టి చూసుకోండి. 12 బై 8 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 3,600 బై 2,400, అంటే తొమ్మిది మెగాపిక్సెళ్ల లోపే సరిపోతుంది. 120 రీలు వాడే పెద్ద నెగటివ్‌ల సంగతి వేరు, వాటి దగ్గర ఫిల్మ్ ఇప్పటికీ గట్టిగా నిలబడుతుంది.

డిజిటల్‌కు మారితే వెలుతురు కొలిచే అలవాటు మార్చుకోవాలా?

మార్చుకోవాలి, ఫిల్మ్ నుంచి వచ్చినవారు మొదటి ఏడాది ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కలర్ నెగటివ్ ఎక్కువ వెలుతురును ఓర్చుకుంటుంది, రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) ఎక్కువ పడినా ప్రింటు వస్తుంది. తక్కువ వెలుతురును ఓర్చుకోదు. అందుకే మనమంతా నీడను చూసి కొలవడం, అనుమానం వస్తే ఒక స్టాపు ఎక్కువ ఇవ్వడం నేర్చుకున్నాం. డిజిటల్‌లో ఇది తలకిందులవుతుంది. తెలుపు ఒకసారి కాలిపోతే ఆ చోట ఫైలులో ఏమీ ఉండదు, ఎంత తగ్గించినా తిరిగిరాదు. నీడలో దాగిన వివరాన్ని మాత్రం రా ఫైలు (కెమెరా పట్టిన వివరాన్నంతా అలాగే దాచే ఫైలు) నుంచి చాలావరకు పైకి తేవచ్చు.

నేను ఇది నేర్చుకున్నది మధుపర్కాల దగ్గర. డిజిటల్‌లో తీసిన తొలి పెళ్లిలోనే, తలంబ్రాల వేళ ఫ్లాష్ దగ్గరగా కొట్టాను. ముఖాలు చక్కగా వచ్చాయి. మధుపర్కం చీర మాత్రం ఎర్రంచు తప్ప ఒక తెల్ల కాగితంలా వచ్చింది. మడతలు లేవు, నేత లేదు, ఒడిలో పడిన ముత్యాల వంటి బియ్యపు గింజలు చీరలో కలిసిపోయాయి. అదే వెలుతురుకు ఫిల్మ్ మీద ఆ గింజలు ఒక్కొక్కటిగా కనిపించేవి. అప్పటినుంచి తెలుపును చూసి కొలవడం, వెనుక తెర మీద హిస్టోగ్రామ్ (నలుపు నుంచి తెలుపు దాకా వెలుతురు ఎంతెంత పడిందో చూపే గ్రాఫు) కుడి అంచును తాకకుండా చూసుకోవడం, జేపీజీతోపాటు రా ఫైలు కూడా తీసుకోవడం తప్పనిసరి చేసుకున్నాను. కొబ్బరితోటల్లో తీసేవారికి ఇది మరీ అవసరం. మట్టల సందుల్లోంచి ముఖం మీద పడే ఎండ మరకలు కెమెరా మీటరును ఇట్టే మోసం చేస్తాయి. అక్కడ ఒక స్టాపు తగ్గించి తీసి, నీడను తరువాత పైకి తెచ్చుకోండి. స్లైడు ఫిల్మ్ మీద తీసినవారికి మాత్రం ఈ మార్పు కష్టమనిపించదు, ఎందుకంటే స్లైడు కూడా తెలుపు విషయంలో ఇంతే కఠినం.

జాతర్లు, పక్షులు, పడవ పందేల వంటి వాటికి ఏది అనువు?

డిజిటలే, ఇందులో వాదనకు చోటు లేదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చే గంగలకుర్రు అగ్రహారం ప్రభ (దేవుణ్ణి నిలిపి మోసుకొచ్చే ఎత్తైన వెదురు కట్టడం) కౌశిక కాలువలో దిగి దాటుతుంది. భుజాల మీద అంత ఎత్తు ప్రభతో మనుషులు పీకల్లోతు నీళ్లలోకి దిగే ఆ కొన్ని నిమిషాల కోసం ఏడాదంతా ఎదురుచూసి, సరిగ్గా ప్రభ నడిమి నీళ్లలో ఊగినప్పుడు నా కెమెరాలో 36వ ఫ్రేము అయిపోయింది. రీలు వెనక్కి చుట్టి, కొత్తది ఎక్కించి తలెత్తేసరికి వాళ్లు ఆవలి గట్టెక్కారు. కొల్లేరు ఆటపాకలో పెలికాన్లను తీసేవారికి కూడా, తెల్లవారే మసక వెలుతురులో రీలు మార్చే పని లేకుండా ఐఎస్ఓను 3,200 దాకా పెంచుకునే వీలు పెద్ద వరం.

నా పాత లెన్సులు కొత్త కెమెరాకు పనికివస్తాయా?

చాలావరకు వస్తాయి. నికాన్ 1959 నుంచి వాడిన ఎఫ్ మౌంటు (లెన్సును కెమెరాకు బిగించే అమరిక) వారి డిజిటల్ ఎస్ఎల్ఆర్‌లలోనూ కొనసాగింది. అయితే చవక మోడళ్లలో పాత మాన్యువల్ లెన్సు పెడితే మీటరు పనిచేయదు, 1977కు ముందరి కొన్ని లెన్సులు మౌంటును దెబ్బతీయవచ్చు కూడా, తెలిసినవారికి చూపించి పెట్టండి. కెనాన్‌లో 1987 తరువాతి ఈఎఫ్ లెన్సులు డిజిటల్ ఈఓఎస్ కెమెరాలకు నేరుగా కూర్చుంటాయి, అంతకుముందరి ఎఫ్‌డీ లెన్సులు కూర్చోవు. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా కొంటే చవక అడాప్టరుతో యాషికా, పెంటాక్స్, ఎఫ్‌డీ లెన్సులన్నీ చేతితో ఫోకస్ చేసుకుంటూ వాడుకోవచ్చు. సెన్సరు (డిజిటల్‌లో ఫిల్మ్ బదులు వెలుతురును పట్టే పలక) చిన్నదైతే కోణం తగ్గుతుందని మరవకండి. నికాన్ చిన్న సెన్సరు మీద 50 మిల్లీమీటర్ల లెన్సు 75లా కనిపిస్తుంది. ముఖాలకు అది బాగుంటుంది గాని పెంకుటింటి చావిట్లో కూర్చున్న కుటుంబమంతా ఫ్రేములో పట్టదు.

ఫంగస్ బాధ డిజిటల్‌లో తగ్గుతుందా?

తగ్గదు. లెన్సు లెన్సే. వానాకాలపు ఉదయాల్లో మన గాలిలో తేమ తరచుగా 80 శాతం దాటుతుంది, అరవై దాటి రోజుల తరబడి ఉంటే చాలు బూజు మొలుస్తుంది. ముసురు పట్టిన వారం రోజులు లెన్సు తోలు సంచిలోనే ఉండిపోతే, తరువాత టార్చి వేసి చూసినప్పుడు గాజు అంచున సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తాయి. అవి వదిలే ఆమ్లం కోటింగును, చివరకు గాజును కూడా తింటుంది. అప్పుడు శుభ్రం చేసినా మచ్చ మిగిలిపోతుంది.

చాలా ఇళ్లలో కెమెరాను బియ్యం డ్రమ్ములో పెట్టడం చూశాను. దయచేసి ఆ పని చేయకండి. బియ్యంలోనే పదమూడు పద్నాలుగు శాతం తేమ ఉంటుంది, పైగా ఆ సన్నటి తవుడు ఫోకస్ రింగులోకి దూరి బూజుకు ఆహారమవుతుంది. రబ్బరు అంచు ఉన్న గట్టి మూత డబ్బా, అరకిలో సిలికా జెల్, లోపల తేమ కొలిచే వంద రెండు వందల రూపాయల హైగ్రోమీటర్ ఉంటే చాలు. ముల్లు 40, 50 మధ్య ఉండాలి. సిలికా జెల్ రంగు మారగానే మూకుట్లో సన్నటి సెగ మీద వేడిచేసి తిరిగి వాడుకోవచ్చు, ఆ మూకుడు వంటకు మాత్రం వాడకండి. తోలు సంచులు వదిలేయండి. వారానికొకసారి కెమెరాను బయటకు తీసి వాడడం అన్నిటికంటే మంచి మందు. అంతర్వేది ఒడ్డున ఉప్పుగాలిలో లెన్సు మార్చకూడదన్నది డిజిటల్‌కు అదనంగా వచ్చే జాగ్రత్త, ఎందుకంటే సెన్సరు మీద పడిన తుంపర ప్రతి ఫ్రేములోనూ కనిపిస్తుంది.

నెగటివ్‌లు ఎక్కువ కాలం నిలుస్తాయా, ఫైళ్లా?

పట్టించుకోకుండా వదిలేసినవాటిలో నెగటివ్ నిలుస్తుంది, పట్టించుకున్నవాటిలో ఫైలు నిలుస్తుంది. బాగా కడిగిన బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లో ఉన్నది వెండి, పొడి చోట ఉంటే వందేళ్లు దాటుతుంది. కలర్ నెగటివ్‌లో ఉన్నది రంగు, అది వేడికి మెల్లగా వెలిసిపోతుంది. రెండింటి కింద ఉన్న అసిటేట్ పట్టీ వేడికీ తేమకూ కుళ్లి వెనిగర్ వాసన వేస్తుంది, వంకర తిరుగుతుంది. ఆ వాసన వచ్చిన కవరును మిగిలినవాటి నుంచి వెంటనే వేరుచేయాలి. మన స్టూడియోలన్నీ వాడిన బటర్ పేపర్ కవర్లు ఈ తేమలో ఫిల్మ్‌కు అతుక్కుంటాయి, పీవీసీ కవర్లు అంతకంటే చెడ్డవి. పాలీప్రొపిలీన్ కవర్లకు మార్చండి.

ఫైలుకు ఈ చీడలేవీ లేవు, కానీ పోతే జాడైనా మిగలదు. 2009లో తీసిన పనంతా నేను ఒకే హార్డ్ డిస్కులో ఉంచాను. ఒక సాయంత్రం అది టక్ టక్‌మని చప్పుడు చేసి ఆగిపోయింది, రిపేరుకు ఇచ్చిన చోట పైసా పని జరగకుండానే తిరిగివచ్చింది. అదే గదిలో 1991 నెగటివ్‌లు క్షేమంగా ఉన్నాయి. అప్పట్లో కస్టమర్లకు ఇచ్చిన డీవీడీలు కూడా చాలావరకు ఇప్పుడు తెరుచుకోవడం లేదు. ప్రతి ఫైలూ మూడు ప్రతులుగా, రెండు రకాల సాధనాల్లో, ఒకటి ఊరి బయట ఉండాలన్నది డిజిటల్‌లో తలకెక్కించుకోవలసిన నియమం. ఊరి బయట అన్న మాటను మనం ఇంకాస్త గట్టిగా పట్టించుకోవాలి. ఒకే వరదకు మునిగే రెండు ఇళ్లలో రెండు ప్రతులు పెట్టడం ఒకచోట పెట్టడంతో సమానం. రాజమహేంద్రవరంలో మెట్ట మీద ఉన్న బంధువుల ఇల్లయినా, ఆన్‌లైన్ నిల్వ అయినా సరే. ఏడాదికి వంద ఫోటోలైనా ల్యాబు కాగితం మీద ప్రింటు వేయించండి.

ఇంట్లో ఉన్న పాత నెగటివ్‌లను ఏం చేయాలి?

స్కాన్ చేసిన తరువాత కూడా పారేయకండి. ల్యాబుకు ఇచ్చే స్తోమత లేకపోతే మీరు కొన్న డిజిటల్ కెమెరాయే మంచి స్కానరు. సమంగా వెలిగే ఎల్ఈడీ పలక మీద నెగటివ్ పెట్టి, దగ్గరి వస్తువులను తీసే మ్యాక్రో లెన్సుతో, లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 8 దగ్గర ఉంచి, కెమెరాను స్టాండుకు బిగించి రా ఫైలుగా తీస్తే ఒక సాయంత్రానికి నాలుగైదు రీళ్లు అవుతాయి. కవరు మీద రాసిన తేదీ, ఊరు, పేర్లు అదే రోజు ఫైలుకు ఎక్కించండి. ముఖాలను గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే ఆ పని జరగాలి.

వరదలోనో తుఫానులోనో నెగటివ్‌లు తడిస్తే?

ఎండబెట్టకండి. తడిసినవి ఆరేకొద్దీ ఒకదానికొకటి శాశ్వతంగా అతుక్కుంటాయి. 1996 నవంబరు 6 తుఫాను మా పెంకులను లేపేసినప్పుడు ఈ సంగతి తెలియక కట్టలను ఎండలో పెట్టి వందల కొద్దీ నెగటివ్‌లను చేజేతులా పోగొట్టుకున్నాను. తడిసినవాటిని అలాగే చల్లటి మంచినీళ్ల బకెట్లో ఉంచి, నీళ్లు మారుస్తూ, రెండు రోజుల్లోపు ఒక్కొక్కటిగా విడదీసి, జిలాటిన్ వైపు వేలు తగలకుండా కడిగి, నీడలో వేలాడదీయాలి. ముందుగా బ్లాక్ అండ్ వైట్ కాకుండా కలర్‌వి చూడండి, అవే త్వరగా పాడవుతాయి.

ఫోను ఉండగా డిజిటల్ కెమెరా దేనికి?

రోజువారీ ఫోటోలకు అక్కరలేదు. పెద్ద ప్రింటు, దూరపు పక్షి, చీకటి పందిరి, మీ లెన్సులు కావాలనుకుంటేనే కొనండి.

డిజిటల్‌తో ఓపిక పోతుందంటారు. నిజమేనా?

కొంత నిజమే. ఫ్రేముకు యాభై రూపాయలు పడుతుందని తెలిసిన చేయి ఆచితూచి నొక్కుతుంది. అయితే ఆ ఓపిక డబ్బు భయంతో వచ్చినదా, చూడాలన్న ఇష్టంతో వచ్చినదా అన్నది మీకే తెలియాలి. ఇష్టంతో వచ్చినదైతే కెమెరా మారినా పోదు. నేను నేర్పే పిల్లలకు ఒక పని చెబుతాను: చిన్న కార్డు వేసుకుని, వెనుక తెరకు టేపు అంటించి, రోజుకు 36 మాత్రమే తీసి, ఇంటికి వెళ్లాకే చూడమంటాను. పంటు (మనుషులను, బండ్లను ఏరు దాటించే పెద్ద పడవ) దాటే రేవులో ఒక పూట కూర్చుని ఇలా తీసినవారికి ఫిల్మ్ ఇచ్చేది ఏమిటో అర్థమవుతుంది.

సెకండ్ హ్యాండు కెమెరా కొనేటప్పుడు ఏం చూడాలి?

షట్టర్ ఎన్నిసార్లు పడిందో చూడండి. ఎఫ్ 16 దగ్గర తెల్ల గోడను ఫోటో తీసి సెన్సరు మీద మచ్చలు వెతకండి, లెన్సులోకి వెనుక నుంచి టార్చి వేసి పోగులున్నాయేమో చూడండి. కార్డు గదిలో, బ్యాటరీ గదిలో పచ్చటి తుప్పు కనిపిస్తే అది తీరంలో తిరిగిన కెమెరా. ఎంత చవకైనా వదిలేయండి.

పాత కెమెరాను అమ్మేయాలా?

ఒక ఏడాది ఆగండి. డిజిటల్‌లో ఏడాది గడిచాక కూడా దానిమీదకు చేయి పోకపోతే, దాన్ని వాడే మనిషికి ఇవ్వండి. బీరువాలో ఉంచితే మన తేమ దాన్ని తినేస్తుంది. ఇంట్లో ఉంచుకునేటట్లయితే నెలకొకసారి ఖాళీగానైనా అన్ని వేగాల్లోనూ షట్టర్ వేయండి, బ్యాటరీ తీసి పక్కన పెట్టండి.

2027 పుష్కరాలకు ఏ కెమెరా పట్టుకెళ్లాలి?

2003 పుష్కరాలను నేను ఫిల్మ్ మీద తీశాను, 2015 పుష్కరాలను డిజిటల్‌లో తీశాను. 2015లో నాలుగు వేలకు పైగా ఫోటోలు వచ్చాయి, 2003లో తొమ్మిది రీళ్లు. రాబోయేవి కూడా వానల రోజుల్లోనే కాబట్టి ప్రధానమైన పనికి తడి ఆగే కవరు వేసిన డిజిటల్ కెమెరా, విడి కార్డు, విడి బ్యాటరీ పెట్టుకోండి. ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మసకబారుతుంది కనుక పది నిమిషాల ముందే ఏసీ ఆపేయండి. ఫిల్మ్ కెమెరా ఉన్నవారు 400 ఐఎస్ఓ బ్లాక్ అండ్ వైట్ రీలు ఇంటి దగ్గరే ఎక్కించుకుని వెళ్లండి, రేవులో జనం మధ్య తడి చేతులతో ఎక్కించడం కుదరదు. నా దగ్గర 2003 నాటి నెగటివ్ ఒకటుంది. కోటిపల్లి రేవులో చివరి మెట్టు మీద ఒక ముసలమ్మ మనవడి నెత్తిన దోసిలితో నీళ్లు పోస్తోంది, ఆ నీళ్లింకా వాడి నెత్తిని తాకలేదు. దాన్ని పెద్దగా ప్రింటు వేసి చంకన పెట్టుకుని వెళ్లి, అదే మెట్టు దగ్గర నిలబడి రెండు కెమెరాలతోనూ తీద్దామనుకుంటున్నాను. ఆ కుర్రవాడికి ఇప్పుడు ముప్పై ఏళ్లు వచ్చి ఉంటాయి.